రిపోర్టులు నార్మల్, మనిషి మాత్రం మునుపటిలా లేరు: 78 ఏళ్ల నాన్నగారికి ఇంకా ఏ పరీక్షలు చేయించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టుగా ముందు చెప్తాను. నాన్నగారికి 78 ఏళ్లు. బీపీ, షుగరు చాలాకాలంగా ఉన్నాయి, రోజుకు 11 మాత్రలు వేసుకుంటున్నారు. ఆరు నెలల్లో బరువు 64 కిలోల నుంచి 58కి దిగింది. నడక నెమ్మదించింది. రెండుసార్లు పడ్డారు, దెబ్బలు పెద్దగా తగల్లేదు. కొన్ని సాయంత్రాలు మాటకు పొంతన ఉండటం లేదు, మర్నాటికి మళ్లీ మామూలుగా ఉంటున్నారు. ఫుల్ బాడీ చెకప్‌లో అంతా దాదాపు నార్మల్ అని వచ్చింది, "ఈ వయసులో అంతే" అన్నారు. ఇక మెదడుకు ఎంఆర్ఐ, ఒళ్లంతటికీ పెట్ స్కాన్ తీయించాలా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. ఇప్పుడే ఆ స్కాన్లు వద్దు. ముందు చూడాల్సినవి ఆయన మందుల కవరు, నిలబడ్డాక బీపీ, తికమకగా ఉన్న సమయంలో షుగరు, ఆయన నడక. వీటిలో చాలావరకు ఈ వారంలోనే ఇంట్లో చూసేయొచ్చు. నేను ఏళ్లుగా వృద్ధుల వైద్యంలోనే ఉన్నాను. మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉందని నాకనిపిస్తోంది. మనిషిని చూడకుండా చెప్తున్నాను కాబట్టి నా మాటను అనుమానంగానే తీసుకుని, మీ డాక్టరు దగ్గర తేల్చుకోండి.

దీనికి ఒక్క మినహాయింపు. పడ్డప్పుడు తలకు తగిలిందా? ఈ తికమక పడిన తర్వాతి వారాల్లో మొదలైందా? రోజురోజుకూ తలనొప్పి, మగత పెరుగుతున్నాయా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా (ఆస్పిరిన్ కూడా లెక్కలోకే వస్తుంది)? వీటిలో దేనికైనా అవునంటే ఆలస్యం చేయకుండా మెదడు సీటీ తీయించండి. పెద్దవయసులో చిన్న దెబ్బకే పుర్రె లోపల రక్తం కొద్దికొద్దిగా చేరి, కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది. మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే అసలు ఆలోచించకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక ఆ "నార్మల్" రిపోర్టు సంగతి. మీరు పెట్టిన అంకెల్లో మూడు నాకు నార్మల్‌గా అనిపించలేదు.

మొదటిది హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగరు) 6.1. షుగరు చక్కగా అదుపులో ఉందని మెచ్చుకున్నారని రాశారు. 50 ఏళ్ల మనిషైతే నేనూ మెచ్చుకునేవాణ్నే. ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్న పెద్దవారికి 7 నుంచి 7.5 లోపు ఉంటే చాలంటారు. పలు జబ్బులు ఉండి, ఒంట్లో పట్టు తగ్గినవారికి 8 దాకా ఉన్నా ఫరవాలేదు. ఇక్కడ 78 ఏళ్ల మనిషి గ్లిమెపిరైడ్ అనే షుగరు తగ్గించే మాత్ర వేసుకుంటూ 6.1 దగ్గర ఉన్నారు. అంటే రోజులో ఎప్పుడో ఒకప్పుడు షుగరు బాగా కిందికి పడిపోతూ ఉండొచ్చు. వయసులో ఉన్నవారికి షుగరు పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పెద్దవారిలో చాలాసార్లు ఇవేవీ ఉండవు. మనిషి తికమకపడతాడు, చిరాకుపడతాడు, లేదా ఉన్నట్టుండి కూలబడిపోతాడు. సాయంత్రాలు మాట పొంతన తప్పడం అనగానే నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

రెండోది కిడ్నీల పనితీరు చూడటానికి కొలిచే క్రియాటినిన్ 1.2. ల్యాబు కాగితం మీద ఇది గీతకు లోపలే ఉంటుంది. కానీ క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. కండ కరిగిపోయిన మనిషిలో కిడ్నీలు నీరసించినా ఆ అంకె పెద్దగా పెరగదు. అందుకే వయసు, బరువు కలిపి లెక్కకట్టాలి. 140లోంచి వయసు తీసేసి, దాన్ని బరువుతో హెచ్చించి, 72తో, క్రియాటినిన్‌తో భాగించాలి (ఆడవారికైతే వచ్చినదాన్ని 0.85తో మళ్లీ హెచ్చించాలి). నాన్నగారి అంకెలు వేస్తే 62 ఇంటూ 58 బై 86.4, అంటే సుమారు 42. యవ్వనంలో ఇది 100కు అటూ ఇటూగా ఉంటుంది. అంటే "నార్మల్" అన్న కిడ్నీలు సగం కన్నా తక్కువే పనిచేస్తున్నాయి. గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోవడానికి ఇది చాలు. షుగరుకే వాడే మెట్‌ఫార్మిన్ డోసు కూడా మళ్లీ చూసుకోవాల్సిన స్థాయి ఇది.

మూడోది సోడియం 131. "పక్కన చిన్న బాణం గుర్తుంది, కొంచెం తక్కువట, ఫరవాలేదన్నారు" అని రాశారు. ఉండాల్సింది 135 నుంచి 145. 131తో ఎవరూ ఆసుపత్రిలో చేరరు, నిజమే. కానీ కొద్దిపాటి సోడియం లోపం కూడా పెద్దవారి నడకను, ధ్యాసను దెబ్బతీస్తుంది, పడిపోయే ప్రమాదం పెంచుతుంది. ఆయన బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీరు లాగే మందు కలిసి ఉంది. సోడియం తగ్గించడంలో పేరుమోసిన మందు అది.

ఈ మూడింటికీ బరువు తోడైంది. 64 నుంచి 58 అంటే తొమ్మిది శాతానికి పైనే. ఆరు నుంచి పన్నెండు నెలల్లో కోరకుండా అయిదు శాతం తగ్గినా మేం దాన్ని లక్షణంగానే తీసుకుంటాం, వయసు ఖాతాలో వేయం. 64 కిలోలప్పుడు సరిపోయిన బీపీ, షుగరు డోసులు 58 కిలోల మనిషికి ఎక్కువైపోతాయి. మనిషి తగ్గాడు, చీటీ మాత్రం అలాగే ఉంది.

మందుల కవరు. మీరు రాసిన 11 పేర్లు చదువుతుంటే నాకు ఒక వరస కనిపించింది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు వల్ల చాలామందికి చీలమండలు వాస్తాయి. ఆ వాపు చూసి నీరు లాగే ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. దాంతో మాటిమాటికీ మూత్రానికి లేవాలి. అది ప్రోస్టేట్ వల్లనుకుని టామ్సులోసిన్ మొదలుపెడతారు. టామ్సులోసిన్, రెండు రకాల నీటి మాత్రలు, బీపీ మందులు అన్నీ కలిసి లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. ఆ తిరుగుడుకు సిన్నారిజిన్ ఇస్తారు. ఇవన్నీ పెట్టుకుని నిద్ర పట్టకపోతే రాత్రికి ఆల్ప్రజోలామ్. ఏ మందు రాసినవారి తర్కం వారికి సరిగ్గానే ఉంటుంది. వరసగా పేర్చి చూసేవారు లేకపోవడమే ఇబ్బంది. నాన్నగారి విషయంలో కూడా ఇలాగే జరిగిందని నేను తేల్చి చెప్పలేను. పాత చీటీలు తీసి, ఏ మందు ఏ నెలలో మొదలైందో, ఏ లక్షణం ఎప్పుడు వచ్చిందో ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఈ ఒక్క కాగితం ఎంఆర్ఐ కన్నా ఎక్కువ చెప్తుంది.

సిన్నారిజిన్ గురించి ఇంకో మాట. కళ్లు తిరిగితే కొన్ని రోజులు వాడి ఆపేయాల్సిన మందు అది. నెలల తరబడి వాడితే అచ్చం పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) లాగే నడక నెమ్మదించి, ఒళ్లు బిగుసుకుపోవచ్చు. వాంతులకు, తిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ కూడా ఇంతే. నా దగ్గరకు ఒక పెద్దాయన పార్కిన్సన్స్ మందులు అప్పటికే మొదలుపెట్టించుకుని వచ్చారు. చొక్కా బొత్తాం ఒక్కటి పెట్టుకోవడానికి చూపుడు వేలు, బొటనవేలు ఎంతసేపు తడుముకున్నాయో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముఖంలో కదలిక లేదు, కుర్చీలోంచి లేవడానికి కొడుకు చెయ్యి పట్టుకోవాలి. కవరు బోర్లిస్తే అడుగున సిన్నారిజిన్ పట్టీలు. ఏడాదికి పైగా వాడుతున్నారు, ఎవరూ ఆపమనలేదు కాబట్టి ఆపలేదు. ముందు అది ఆపించాం. తేరుకోవడానికి కొన్ని నెలలు పట్టింది కానీ, బొత్తాలు మళ్లీ తనే పెట్టుకున్నారు. తర్వాత పార్కిన్సన్స్ మాత్రల అవసరం కూడా పోయింది.

చీటీ లేకుండా కొనుక్కునే మందులు కూడా కవర్లో వేయండి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, కొన్ని నిద్ర మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ పెద్దవారిలో మెదడును మందగింపజేస్తాయి, మలబద్ధకం తెస్తాయి, మూత్రం బిగబట్టేస్తాయి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీల మీద, బీపీ మీద దెబ్బకొడతాయి. పెద్దవయసులో జాగ్రత్తపడాల్సిన మందుల జాబితా ఒకటి 1991 నుంచి వాడుకలో ఉంది. బీర్స్ జాబితా అంటారు, 2023లో కూడా సవరించారు. మీ డాక్టరుకు ఇది తెలిసే ఉంటుంది, దాంతో ఒకసారి సరిచూడమని అడగడంలో తప్పులేదు.

కానీ ఇది చదివి రేపు పొద్దున్నే మీకై మీరు ఏదీ ఆపకండి. ఆల్ప్రజోలామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, వారాల మీద తగ్గించాలి. మిగతావి కూడా ఒకటొకటిగా, ఒకరి పర్యవేక్షణలోనే మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో కూడా తెలియదు. గ్లిమెపిరైడ్ విషయం మాత్రం వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు, ఈరోజే ఫోన్ చేసి అడగండి.

నిలబడ్డాక బీపీ. చెకప్‌లో కూర్చోబెట్టి చూసిన 128/76తో మనకు పని లేదు. ఆయన పడేది కూర్చున్నప్పుడు కాదు కదా. అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది లెక్కలోకి వస్తుంది. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే కూర్చోబెట్టేయండి, పూర్తిచేయాలన్న పంతం వద్దు. పొద్దున లేవగానే ఒకసారి, భోజనం చేసిన గంటకు ఇంకోసారి చూడండి. కొందరికి భోజనం తర్వాతే బీపీ పడుతుంది.

నడక. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. మూడు మీటర్ల దూరంలో గుర్తు పెట్టి, లేచి మామూలు వేగంతో అక్కడిదాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. నేనైతే సెకన్ల కన్నా మిగతావే ఎక్కువ చూస్తాను. లేవడానికి చేతులతో తోసుకుంటున్నారా, మొదటి అడుగు పడటానికి తటపటాయిస్తున్నారా, వెనక్కి తిరిగేటప్పుడు ఒక్క ఊపులో తిరుగుతున్నారా లేక చిన్న చిన్న అడుగులు ఏడెనిమిది వేస్తున్నారా? నడుస్తుంటే ఏదో ఒకటి అడగండి. జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారంటే నడక ఆయన ధ్యాసనంతా తినేస్తోందన్నమాట. ఇదంతా ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. క్లినిక్‌లో అందరి ముందూ నడిచేటప్పుడు చాలామంది ఓపిక కూడదీసుకుని బాగా నడిచేస్తారు.

మతి సంగతి. "మతిమరుపు జబ్బేమో" అన్న మీ భయం అర్థమైంది. మీరు రాసిన తీరు చూస్తే అది నా జాబితాలో కింద ఉంది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) సాధారణంగా నెలలు, ఏళ్ల మీద నెమ్మదిగా దిగుతుంది, చాలావరకు ఇవాళ ఉండి రేపు మాయమవదు. గంటల్లో, రోజుల్లో మొదలై, ఎక్కువ తక్కువలవుతూ, ధ్యాస నిలవనీయకుండా చేసేదాన్ని డెలీరియం అంటాం. దానికి వెనక దాదాపు ఎప్పుడూ శరీరానికి సంబంధించిన కారణం ఏదో ఉంటుంది: షుగరు, సోడియం, ఇన్ఫెక్షన్, కొత్త మందు, నీళ్లు చాలకపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, మూత్రం బిగబట్టడం. చూడటానికి తేలిక పరీక్ష ఉంది. వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి, శనివారం నుంచి ఆదివారం దాకా. మంచి రోజున గడగడా చెప్పి, చెడ్డ సాయంత్రం మధ్యలో దారి తప్పితే అది ధ్యాస లోపం. కేకలు వేసేవారినే కాదు, పిలిచినా పలక్కుండా పడుకునే ఉండేవారిని కూడా అనుమానించాలి. ఇంట్లోవాళ్లు "గొడవ లేకుండా పడుకున్నారు" అనుకునే ఈ రకమే ఎక్కువగా చూపు తప్పించుకుపోతుంది.

మూత్రపరీక్షలో బ్యాక్టీరియా ఉందని యాంటీబయాటిక్ రాసేస్తే దాంతోనే తృప్తిపడిపోకండి. పెద్దవారిలో ఏ ఇబ్బందీ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం మామూలే. మంట, జ్వరం, పొత్తికడుపు నొప్పి లాంటివి లేకపోతే తికమకకు అసలు కారణం ఇంకోచోట వెతకాలి.

జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టేముందు చెవులు చూడమనండి. ఒకాయన్ని "ఏదీ గుర్తుండటం లేదు" అని తీసుకొచ్చారు. ఏం అడిగినా నవ్వి "ఆఁ, అవును" అంటున్నారు, జవాబు కూతురు చెప్తోంది. రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి ఉంది. తీయించాక అదే పరీక్ష మళ్లీ పెడితే మార్కులు బాగా పెరిగాయి. కొంత మరుపు నిజంగానే ఉంది, అది వేరే సంగతి. కానీ వినపడని మూడు మాటలను అయిదు నిమిషాల తర్వాత గుర్తుచేసుకోమంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు? కళ్లూ అంతే. శుక్లాలున్నవారిని ఆ పరీక్షలో భాగంగా గడియారం బొమ్మ వేయమంటే వంకరగానే వస్తుంది.

బరువు తగ్గడానికి కారణం వెతకడం మాత్రం మానొద్దు. పళ్లు, కట్టుడు పళ్లు సరిగ్గా ఉన్నాయా? మింగేటప్పుడు దగ్గు వస్తోందా? తినాలనిపించడం లేదా, లేక తినలేకపోతున్నారా? ఈ రెండూ వేర్వేరు. మెట్‌ఫార్మిన్ వల్ల కూడా ఆకలి పోతుంది. పెద్దవారిలో కుంగుబాటు ఏడుపుగా కాకుండా ఆకలి పోవడంగా, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగా బయటపడుతుంది, కాబట్టి అదీ నేరుగా అడగాలి. చేయించాల్సిన పరీక్షలు ఇవి: రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందేమో చూసేవి), కాల్షియం, కాలేయ పరీక్షలు, టీఎస్‌హెచ్, బీ12, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో చూసే అల్ట్రాసౌండ్. టీఎస్‌హెచ్ ఎందుకంటే, థైరాయిడ్ ఎక్కువైతే పెద్దవారిలో వణుకు, కంగారు లేకుండా ఊరికే బరువు తగ్గి డీలాపడిపోవచ్చు. బీ12 ఎందుకంటే, ఆయన మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి వాడే పాంటోప్రజోల్ రెండూ వాడుతున్నారు, రెండూ దాన్ని తగ్గించేవే. వీటిలో ఏదైనా దారి చూపిస్తే అప్పుడు స్కాన్. ట్యూమర్ మార్కర్ల (క్యాన్సర్ సూచించే రక్తపరీక్షల) ప్యాకేజీ ఎవరైనా అంటగడితే వద్దనండి. లక్షణం లేకుండా చూస్తే అవి భయమే తప్ప జవాబు ఇవ్వవు.

రెండుసార్లు పడ్డారు కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష కూడా జాబితాలో చేర్చండి. ఎత్తు తగ్గినట్టున్నా, వీపు వంగినట్టున్నా వెన్నెముక ఎక్స్‌రే తీయించండి. వెన్నుపూస విరుగుళ్లు చాలావరకు నొప్పి లేకుండానే జరిగిపోతాయి. పడతారన్న భయంతో ఆయన్ను మంచానికి పరిమితం చేయకండి. కండ ఇంకా కరుగుతుంది, మరింత తొందరగా పడతారు. ఫిజియోథెరపిస్టుతో కాళ్ల బలం, నిలకడ పెంచే వ్యాయామాలు మొదలుపెట్టించండి.

"ఈ వయసులో అంతే" అన్నమాట మీద నాకు పాత కోపం ఒకటుంది. 1930ల్లో లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరు ఇక లేవరని మంచాలకు వదిలేసిన వృద్ధులను ఒక్కొక్కరినీ మళ్లీ పరీక్షించింది. వారిలో చాలామంది లేచి నడిచారు, కొందరు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆధునిక వృద్ధుల వైద్యానికి పునాది వేసినవారిలో ఆమె ఒకరు. ఇప్పుడు మేం చేసే సమగ్ర పరీక్ష దాని కొనసాగింపే: జబ్బులు, మందులు, నడక, మతి, మనసు, తిండి, చూపు, వినికిడి, ఇంట్లో పరిస్థితి అన్నీ ఒకచోట పెట్టి చూడటం. ఆసుపత్రిలో చేరిన పెద్దవారికి ఇలా చేస్తే, ప్రాణాలతో సొంత ఇంటికి తిరిగి వెళ్లే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చెప్తున్నాయి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలు కన్నా ముందు ఒక పేజీ రాసుకెళ్లండి. ఆరు నెలల క్రితం తనంతట తాను చేసుకుని, ఇప్పుడు మానేసిన పనులేమిటి? స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేవడం, తినడం, మూత్ర విసర్జన మీద అదుపు. ఆపైన ఫోను, డబ్బు లెక్కలు, మందులు వేసుకోవడం, ఒంటరిగా బయటికి వెళ్లడం. వృద్ధుల వైద్య నిపుణులు అందుబాటులో ఉంటే మంచిది. లేకపోతే అన్ని మందులనూ ఒకచోట పెట్టి చూసే ఓపికున్న జనరల్ ఫిజీషియన్ చాలు. నాన్నగారితో కాసేపు ఒంటరిగా మాట్లాడమని డాక్టరును మీరే అడగండి. నేనైతే పిల్లల్ని కాసేపు బయట కూర్చోమంటాను. బట్టలు తడిసిపోతున్నాయని, రాత్రిళ్లు భయమేస్తోందని పిల్లల ఎదుట చెప్పని పెద్దవాళ్లు తలుపు వేయగానే చెప్పేస్తారు.

ఎంఆర్ఐ ఎప్పుడంటారా? షుగరు, సోడియం, మందులు సర్దుకున్నాక ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. అప్పటికీ మతి, నడక బాగుపడకపోతే తీయించండి, అప్పుడు దానికొక ప్రశ్న ఉంటుంది. పెట్ స్కాన్ ఇంకా దూరం.

ఈ వారం చేయాల్సింది: తికమకగా ఉన్నారనిపించిన ప్రతిసారీ వెంటనే వేలికి సూది పెట్టి షుగరు చూడండి, తేదీ, సమయం, బీపీ అంకెలతో పాటు రాసుకోండి. కావాలంటే ఇక్కడ పెట్టండి, చూస్తాను. కానీ షుగరు 70 కన్నా తక్కువ చూపిస్తే నా జవాబు కోసం ఆగొద్దు. మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగరు పెరిగి మనిషి తేరుకున్నా సరే, ఆరోజే డాక్టరుకు చూపించాలి. కిడ్నీలు ఈ స్థితిలో ఉన్నప్పుడు గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగరు కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు.